సగం గిన్నె జావకు కాపలా

ఈ దేశానికి పట్టిన రోగం ఒక్కటే. దాని పేరు మార్పు!

పొద్దున లేస్తే అందరి నోటా అదే పాట. రోడ్డు మారాలి, బడి మారాలి, దవాఖాన మారాలి. ఎందుకు మారాలండీ? ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం ఎంత కష్టమో మీలో ఎవరికైనా తెలుసా? తెలియదు. మీరు చదువుకున్నవాళ్ళు. నేను ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోయినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. అప్పుడు ఎక్కడ ఆగానో ఇప్పటికీ అక్కడే ఉన్నాను. నిలకడంటే అదీ!

టీవీ వాళ్ళు ఈ నిలకడకు మంచి పేరు పెట్టారు. కంటిన్యుటీ.

తెలియని వాళ్ళకు చెబుతాను. టీవీలో ఒక ముక్క పొద్దున తీస్తారు, దాని పక్క ముక్క సాయంత్రం తీస్తారు. చూసేవాడికి రెండూ వెంటవెంటనే జరిగినట్టు ఉండాలి. పొద్దున గ్లాసులో సగం టీ ఉంటే సాయంత్రం కూడా సగమే ఉండాలి. పొద్దున ఎడమ భుజం మీదున్న కండువా సాయంత్రానికి కుడి భుజం మీదికి రాకూడదు. మధ్యలో ఆకలేసినా, ఆవలింత వచ్చినా, ఆకాశం విరిగి పడినా ఏదీ కదలకూడదు. కదలకుండా చూడ్డానికి ఒక మనిషిని పెడతారు.

ఆ మనిషిని నేను. నగరంలో, ట్రైనీగా, ఒక్క రోజు.

తల నెరిసినవాడు ట్రైనీ ఏమిటని నవ్వకండి. అంతకుముందు నేను టూరింగ్ టాకీస్‌లో ఆపరేటర్ని. తిరుమలాయపాలెం నుంచి పినపాక దాకా మా గుడారం పడని ఊరు లేదు. రీలు తెగితే బ్లేడుతో అంచు గీకి, జిగురు పూసి అతికించేవాణ్ణి. ఆఖరి బస్సు వేళవుతోందని ఓనరు సైగ చేస్తే ఒక పాట, కొంచెం ఫైటు లేపేసేవాణ్ణి. జనం ఊరుకునేవారా! "రీలు గోసిండు!" అని ఈలలు, తిట్లు, ఒక్కోసారి గుప్పెడు ఇసక. నేల మీద కూర్చున్న మనిషికి కోత ఎక్కడ పడిందో ఇట్టే తెలిసిపోయేది.

తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది. మా గుడారం చివికి చివికి మిరపకాయల మీద కప్పే పట్టా అయింది. టీవీలో ఎక్కడ కోశారో ఎవరూ అడగరు. సోఫాలో కూర్చున్నవాడు ఈల వేయడు కదా!

పొట్ట కొట్టినవాడి గడప ఎక్కడానికి నాకేం సిగ్గు లేదు. మా ఆవిడ రాఘవమ్మకు వెంకటనారాయణ అని ఒక తమ్ముడున్నాడు. నగరంలో ఒక టీవీ కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు. కంపెనీ పేరు మీకెందుకు? వాడు ఖానాపురం హవేలిలోని మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఫ్యాను కింద కూర్చుని నన్ను చూసి జాలిపడేవాడు. బావమరిది జాలి ఎప్పుడైనా అనుభవించారా? ముల్లు గుచ్చుకుంటే తీసెయ్యొచ్చు. దీన్ని తీసెయ్యలేం.

"బావా, గిట్ల అరుగు మీద కూసుంటె ఏమొస్తది? మా కాడికి ట్రైనీగ రారాదు? వచ్చినోళ్ళు ఎవరూ నిలుస్తలేరు. నువ్వైతే నిలుస్తవ్" అన్నాడొకసారి.

"పనేంది?"

"ఏం లేదు. ఏదీ కదలకుంట జూసుడే."

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "గా పని మీ బావకు పుట్టుకతోనే వచ్చు లేరా తమ్మీ!"

నా జీవితంలో నాకు దొరికిన సిఫారసు అదొక్కటే.

ఆ కంపెనీ తీస్తున్న కార్యక్రమం పేరు 'నవ్వే అడవి'. డబ్బు పెట్టేది ఒక సబ్బుల కంపెనీ. అడవి నవ్వాలి, అంతే, అది షరతు. ఏడుపు పక్కన సబ్బు అమ్ముడుపోదట. నిజమే కదా! ఏడ్చేవాడు ఎటూ మొహం కడుక్కుంటూనే ఉంటాడు, వాడికి సబ్బెందుకు?

పినపాక అవతల, ఒక వాగు దాటితే, ఒక గూడెం ఉంది. మొదట యూనిట్ అక్కడికే వెళ్ళి తీద్దామనుకుంది. వెళ్ళింది కూడా. నడి వేసవి, వాగులో నీళ్ళు లేవు, ఇసక ఉంది. ఆ ఇసకలో జనరేటర్ వ్యాను ఇరుసు దాకా దిగబడింది. గూడెం వాళ్ళే వచ్చి భుజాలు పెట్టి నెట్టి ఇవతలి గట్టున పడేశారు. డైరెక్టరు గారు చొక్కా దులుపుకుని, మనం అడవిలోకి పోలేనప్పుడు అడవినే మన దగ్గరికి రప్పిద్దాం అన్నారు.

ఆ విధంగా, మా వాగు మీద వంతెన లేదు మొర్రో అని చెప్పుకోవాలనుకున్న మనిషిని, వాగు మీద వంతెన లేని కారణంగా, నగరానికి బస్సెక్కించారు. ఇందులో ఎవరికీ ఏ తప్పూ కనపడలేదు. నాకూ కనపడలేదు. ట్రైనీకి తప్పు కనపడకూడదండీ. తేడా మాత్రమే కనపడాలి.

ఆ మనిషి నాగక్క. నాకంటే కాస్త పెద్దది. తోడుగా మరిది బొజ్జయ్య వచ్చాడు. బొజ్జయ్య మాటకారి కాదు. వచ్చిన దగ్గర్నుంచి గోడ నీడన కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు.

నగరం చివర ఒక గెస్ట్ హౌస్ తోటలో తాటాకులతో గుడిసె వేశారు. క్రోటన్ మొక్కలు కనపడకుండా వెదురు తడికలు కట్టారు. ఒక కోడిని కాలికి తాడు కట్టి వదిలారు. అడవి తయారైంది. ఇక అడవి మనిషిని తయారు చెయ్యాలి.

నాగక్క తనకున్న వాటిలో మంచిదైన గులాబి రంగు పాలియెస్టర్ చీర కట్టుకుని, ఎవరివో చెప్పులు అడిగి తొడుక్కుని వచ్చింది. దుస్తులు చూసే అతను ఆ చీరను చూసి మొహం చిట్లించాడు. "ఇది అడవిలా లేదు" అని, మోకాళ్ళ పైకి కట్టే ముతక చీర ఒకటి తెచ్చాడు.

"గిట్ల మా అవ్వ గూడ గట్టలే. నేను గట్ట" అంది నాగక్క.

డైరెక్టరు గారే స్వయంగా వచ్చారు. తెల్ల టోపీ పెట్టుకున్న మంచి మనిషి.

"అమ్మా, మిమ్మల్ని రాష్ట్రమంతా చూస్తుంది. కొంచెం సర్దుకోవాలి."

"రాష్ట్రమంత సూస్తదా?"

"చూస్తుంది."

"కలెక్టరు సారు గూడ సూస్తడా?"

"ఆయన ఇంట్లో టీవీ ఉండదా అమ్మా!"

నాగక్క ఆ ముతక చీరను వేళ్ళతో నలిపి చూసింది. "సారూ, మా వాగు మీద వంతెన గావాలె. నా కోడలు ఎర్రమ్మకి శ్రావణంల నెలలు నిండుతయ్. వాగు నిండేది గూడ గప్పుడే. గీ మాట టీవీల జెప్పనిస్తరా? జెప్పనిస్తనంటే చీర గాదు, గోనెసంచి గట్టమన్న గడత."

"తప్పకుండా! మనసులో ఉన్నదంతా చెప్పండి!"

ఒప్పందం కుదిరింది. చీర మారింది. తలలో పువ్వు పెడుతుంటే ఆమె కళ్ళు నా మీద పడ్డాయి.

"నువ్వు టెంటు సినిమా రీళ్ళాయనవు గాదూ?"

"అవ్ అక్కా."

"పాటలు గోసేటోడివి! మా గూడెపోళ్ళం వాగు దాటి నడిసొస్తే సగం బొమ్మ జూపి పంపినవ్! ఇప్పుడీడ గోస్తున్నవా?"

"లేదక్కా. ఈడ కాపలా."

"మంచిగున్నది. పాలకు పిల్లి కాపలా."

మొదటి షాటు, ఆమె నీళ్ళ బిందెతో నడిచి రావడం. చీర కొంగు తడిసింది. రెండో షాటు, గుడిసె ముందు కూర్చుని జావ తాగుతూ యాంకరమ్మతో మాట్లాడటం. జావ గెస్ట్ హౌస్ వంటవాడు చేశాడు. నాగక్క ఆకు దొప్పతో రెండు గుక్కలు తాగి నన్ను చూసింది.

"గిది జావనా తమ్ముడా? గోడకేసే సున్నమా?"

ఆ రెండు గుక్కలతో గిన్నె సగానికి వచ్చింది. అప్పటినుంచి నా ఉద్యోగం మొదలైంది. ఎడమ చెయ్యి మోకాలి మీద. కుడి చేతిలో దొప్ప. చెవి పక్కన జారిన ఒక పాయ జుట్టు. జానెడు తడిసిన కొంగు. సగం గిన్నె జావ. గిన్నెకు కెమెరా చూడని వైపు బొగ్గుతో గీత గీసుకున్నాను. రీలు మీద గుర్తు పెట్టుకున్న చెయ్యి కదా, ఊరికే పోతుందా!

యాంకరమ్మ తీయగా అడిగింది. "నాగక్కా! అడవిలో బతుకు ఎలా ఉంటుంది?"

"మంచిగనే ఉంటది" అంది నాగక్క. "గాని మాకొక వాగున్నది."

ఇక చెప్పింది. వానలు పడితే వాగు ఎట్లా వస్తుందో, వచ్చినప్పుడు గూడెం ఎట్లా దీవి అయిపోతుందో. బడి పంతులు ఆషాఢంలో పోతే మళ్ళీ దసరాకే కనపడతాడట. రేషను బియ్యం అవతలి గట్టునే ఆగిపోతాయట. రోగం వస్తే మనిషిని మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకుని గట్టు దాకా పోతారట. పోయిన వానల్లో బొజ్జయ్య భార్యను అట్లాగే మోసుకుపోయారు. ఒళ్ళు కాలిపోతున్న జ్వరం. వాగు నిండుగా ఉంది. గట్టున మంచం దించి, తగ్గుతుందేమోనని కూర్చున్నారు.

"వాగు తగ్గింది" అంది నాగక్క. "అవతలికి పోయే పని లేకపాయె."

మేకప్ అతని చేతిలో దువ్వెన ఆగిపోయింది. గోడ దగ్గర బొజ్జయ్య చుట్ట ఆరిపోయింది.

అప్పుడు నెత్తి మీద నుంచి విమానం వెళ్ళింది.

"కట్! సౌండ్ పోయింది. వన్ మోర్!"

నేను పరుగెత్తాను. కొంగు తడిపాను, పాయ జారవిడిచాను, చెయ్యి మోకాలి మీద పెట్టించాను. గిన్నె చూశాను. గీత మీదే ఉంది. శభాష్!

నాగక్క మళ్ళీ చెప్పింది. పక్కింటి కుక్కర్ కూత వేసింది. మళ్ళీ చెప్పింది. కోడి తాడు యాంకరమ్మ కాలికి చుట్టుకుంది. మళ్ళీ చెప్పింది. కరెంటు పోయింది. జనరేటరు వేస్తే దాని మోత ఆమె మాటకంటే పెద్దగా ఉంది. అన్నీ సర్దుకుని బాగా వచ్చిందనుకున్న ఒకసారి యాంకరమ్మ బొట్టు కాస్త పక్కకు ఉందని తేలింది. ఒక వాగు గురించి చెప్పడానికి ఎంత ప్రశాంతత కావాలో చూడండి! వాగుకు మాత్రం అవేమీ అక్కర్లేదు, నేరుగా వచ్చేస్తుంది.

ప్రతిసారీ నేను కొంగు తడుపుతూనే ఉన్నాను. రోహిణి కార్తె ఎండకు తడి నిలవదు కదా!

"ఏందయ్యా, నన్ను నారుమడి జేసినవ్! మొలకలొచ్చేదాక పోస్తవా?" అంది నాగక్క.

మధ్యాహ్నం యూనిట్‌కు భోజనాలొచ్చాయి. సాంబారు వాసన గుడిసె దాకా కొట్టింది. నాగక్క లేవబోయింది. అసిస్టెంట్ డైరెక్టరు ఉరికి వచ్చాడు. లేస్తే కుచ్చిళ్ళు మారతాయి, తింటే పెదాల రంగు పోతుంది, కూర్చున్న చోటు ఒక్క అంగుళం జరిగినా వెనక తడిక తేడా వస్తుంది. "షాట్ అయ్యాక తిందురు గానీ అమ్మా" అన్నాడు.

"సరే, గీ జావన్న తాగుత" అని ఆమె దొప్ప ముంచింది.

నేను అడ్డం పడ్డాను. "అక్కా, వద్దు! గిన్నె తగ్గుతది."

"బువ్వ ముంగట పెట్టి తినొద్దనేటోళ్ళని మీ టీవీలనే జూసిన. గిన్నె తగ్గొద్దు, వాగు తగ్గొద్దు! మరేం తగ్గాలె తమ్ముడా?"

పాఠకులారా, ఇక్కడ మీరు నన్ను తిట్టుకుంటున్నారని నాకు తెలుసు. ఆకలిగా ఉన్న ఆడమనిషి ముందు జావ గిన్నెకు కాపలా కాసే ఉద్యోగం నీచమైనదని మీ అభిప్రాయం. మరి మన గోదాములకు కాపలా కాసేవాళ్ళను ఏమంటారు? వాళ్ళను సార్ అంటారు! నేను గుడిసె వెనక నుంచి ఆమెకు రెండు అరటిపళ్ళు అందించాను. అరటిపండు కంటిన్యుటీలోకి రాదు. కెమెరా కడుపులోకి చూడదు.

పొద్దు వాలేకొద్దీ డైరెక్టరు గారు ఆమె మాటలు ఒక్కొక్కటే తగ్గిస్తూ వచ్చారు. "కొంచెం క్లుప్తంగా చెప్పమ్మా" అన్నారు. పంతులు పోయాడు. "ఒకే విషయం మీద ఉందాం" అన్నారు. రేషను బియ్యం పోయాయి. చివరికి, "మరిది గారి భార్య సంగతి కొంచెం బరువైపోయింది. పొద్దున్నే చూసే ప్రోగ్రాం కదా, అది వదిలేద్దాం" అన్నారు.

నాగక్క గోడ వైపు చూసి తమ భాషలో బొజ్జయ్యను ఏదో అడిగింది. బొజ్జయ్య తల పైకెత్తలేదు. చేత్తో మాత్రం, కానియ్ అన్నట్టు సైగ చేశాడు. ఆరిన చుట్టను మళ్ళీ వెలిగించుకున్నాడు.

ఆమెకు మిగిలినవి ఇవి: "మంచిగనే ఉంటది. గాని మా వాగు మీద వంతెన గావాలె. నా కోడలు నెలలతోటి ఉన్నది. వానలు రాకముందే గావాలె."

అద్భుతంగా వచ్చింది. విమానం లేదు, కుక్కర్ లేదు, కోడి కూడా భయంతో నోరు మూసుకుంది. చివరి ప్రశ్నగా యాంకరమ్మ "మళ్ళీ జన్మంటూ ఉంటే ఎక్కడ పుట్టాలనుకుంటావు నాగక్కా?" అంది. పొద్దంతా ఆ ఎండలో కూర్చున్న మనిషికి ఆ ప్రశ్న వింతగా తోచి నవ్వొచ్చింది. నవ్వుతూనే "మా గూడెంలనే! ఇంకేడ పుడత?" అంది.

"సూపర్! ప్యాకప్!"

డైరెక్టరు గారు టీవీ పెట్టెలో అన్ని ముక్కలూ తిప్పి తిప్పి చూశారు. పొద్దున తీసిందీ సాయంత్రం తీసిందీ పక్కపక్కన పెట్టారు. చెయ్యి అదే, తడి అదే, జుట్టు అదే, జావ అదే. ఆయన లేచి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇంతమంది ట్రైనీలను చూశాను. ఒక్క తేడా కూడా లేకుండా కాపాడింది మీరే. ఎక్కడ పట్టుకుని ఎక్కడ అతికించినా తెలియదు!"

వెంకటనారాయణ ఛాతీ పొంగింది. నాదీ పొంగింది. అబద్ధమెందుకు? ఎనిమిదో తరగతి తర్వాత నన్ను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. నాగక్క మాత్రం గిన్నె ఎత్తి అందులో తొరక కట్టిన జావను క్రోటన్ మొక్క మొదట్లో పోసేసింది. "గీ చెట్టన్న తాగనీ, పాపం."

తిరుగు బస్సులో నా ముందు సీట్లో కూర్చుంది. సూర్యాపేట దాటాక వెనక్కి తిరిగి, "తమ్ముడా, నా మాట పడతది గదా?" అని అడిగింది.

"ఎందుకు పడదక్కా! అంత మంచిగొచ్చినంక!"

ఆమె పక్కన బొజ్జయ్య నన్నే చూస్తున్నాడు. ఒకప్పుడు నేల టిక్కెట్టు వాళ్ళు నా ప్రొజెక్టరు గది వైపు అట్లాగే చూసేవారు.

'నవ్వే అడవి' ఒక ఆదివారం పొద్దున వచ్చింది. నా పని నలుగురిలో చూసుకుందామని పినపాక వెళ్ళాను. గూడెమంతా పంచాయతీ ఆఫీసు టీవీ ముందు చేరింది. నిండు గర్భంతో ఎర్రమ్మ గోడకానుకుని కూర్చుంది. ఇంకా వానలు మొదలు కాలేదు, వాగు దాటి నడిచే వచ్చింది. పైన డాబా మీద సమ్మయ్య అనే అతను యాంటెనా తిప్పుతున్నాడు. "వచ్చిందా?" "రాలే!" "ఇప్పుడు?" "వచ్చింది, వచ్చింది, గట్లనే పట్టుకో, కదలకు!" చూశారా? అక్కడా కంటిన్యుటీయే!

బొమ్మ వచ్చింది. సబ్బు వచ్చింది. వేణువు మోగింది. నాగక్క బిందెతో నడిచింది. పిల్లలు కేకలు పెట్టారు. గుడిసె ముందు కూర్చుని జావ తాగింది.

"నాగక్కా! అడవిలో బతుకు ఎలా ఉంటుంది?"

"మంచిగనే ఉంటది."

"మళ్ళీ జన్మంటూ ఉంటే ఎక్కడ పుట్టాలనుకుంటావు?"

"మా గూడెంలనే! ఇంకేడ పుడత?"

నవ్వు. వేణువు. సబ్బు.

'గాని' దగ్గర కత్తెర పడింది. వాగు లేదు, వంతెన లేదు, కోడలు లేదు. నాగక్క నిండుగా నవ్వుతోంది, ఏ లోటూ లేని మనిషిలాగా. ముక్కకూ ముక్కకూ మధ్య వెంట్రుకవాసి తేడా లేదు. ఎట్లా ఉంటుంది? చెయ్యి మోకాలి మీదే ఉంది. కొంగు జానెడే తడిగా ఉంది. గిన్నె సగమే ఉంది. జావ ఒక్క గుక్క తగ్గి ఉంటే గిన్నె ఎగిరిపడినట్టు కనపడేది, ఆ కోత పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. ఇప్పుడు ఒక వాగును వాగంతా మధ్యలోంచి ఎత్తేసినా తెలియలేదు. అదీ నా పనితనం!

తెలియలేదంటే మీకు తెలియలేదు. గూడెం వాళ్ళకు తెలిసింది.

"రీలు గోసిండ్రు!"

ఎవరు మొదట అరిచారో తెలియదు. ఈలలు మొదలయ్యాయి. ఎన్నేళ్ళైంది ఆ ఈలలు విని! తర్వాత తలలన్నీ నా వైపు తిరిగాయి.

"గీయనే ఉన్నడుగా! గా పాటలు గోసేటాయన!"

"నేను గోయలే!" అన్నాను. "నా చేతిల కత్తెర లేదు. నేను గిన్నెకు కాపలా ఉన్న, గంతే."

బొజ్జయ్య లేచాడు. అతని గొంతు నేను వినడం అదే మొదటిసారి.

"గిన్నె ఉన్నది. తడి ఉన్నది. పువ్వు గూడ వాడలే. మంచిగ కాపలా ఉన్నవ్ అన్నా. మరి మా మాటకు కాపలా ఎవలున్నరు?"

నాగక్క అతన్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆ గులాబి రంగు చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "గా ముతక చీర ఊకెనే గడితి" అంది, అంతే.

ఖానాపురం హవేలిలో పరిస్థితి వేరు. పక్కింటి వెంకటప్పయ్య గారు, మాకు ఫోను వస్తే పిలిచే మర్యాదస్తుడు, ఎదురొచ్చి మరీ చెప్పారు. "చూశానండీ మీ ప్రోగ్రాం! ఎంత ప్రశాంతం! ఒక్క సమస్య లేని బతుకు! మనకెందుకండీ ఈ పరుగులు?" చూశారా, చదువుకున్నవారికి ఎంత హాయినిచ్చిందో!

అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. ఈ కంటిన్యుటీ విద్య టీవీ వాళ్ళు కనిపెట్టింది కాదు. అది మన జిల్లాలో ఎప్పటినుంచో ఉంది. ఆ వాగు గట్టున వంతెనకు శంకుస్థాపన రాయి ఒకటుంది. ఎన్నికలొచ్చినప్పుడల్లా దానికి సున్నం కొట్టి పసుపు పూస్తారు. రాయి అంగుళం కదలదు! దవాఖానలో డాక్టరు గారి కుర్చీ మీద తెల్ల తువ్వాలు పరిచి ఉంటుంది. కూర్చునేవారు లేరు, కానీ తువ్వాలు మడత చెదరదు. నాయకుడు ఐదేళ్ళ కింద ఏ మాట దగ్గర ఆపాడో మళ్ళీ వచ్చి అక్కడినుంచే అందుకుంటాడు. పాత ఉపన్యాసం, కొత్త ఉపన్యాసం పక్కపక్కన పెట్టి అతికించండి, ఎక్కడ అతికించారో చెప్పండి చూద్దాం! మధ్యలో ఐదేళ్ళు ఉన్నాయని ఎవరికైనా తెలుస్తుందా? ఎంతమంది ట్రైనీలు కష్టపడితే ఇంత నిలకడ వస్తుంది! వాళ్ళ ముందు నేనెంత? నాది ఒక రోజు, ఒక గిన్నె.

శ్రావణం వచ్చింది. వాగూ వచ్చింది. పిలవకుండానే, సౌండు సరిచూసుకోకుండానే.

మొన్న సోమవారం వెంకటప్పయ్య గారు గోడ మీద నుంచి కేకేశారు, ఫోనొచ్చిందని. వెంకటనారాయణ.

"బావా, మంచి ముచ్చట! 'నవ్వే అడవి' హిట్టయింది. రెండో భాగం తీస్తున్నరు. గదే గుడిసె, గదే చీర, గదే గిన్నె. నాగక్కను దీస్కరావాలె, నువ్వు గూడ రావాలె. డైరెక్టర్ సార్ ఒక్కటే అడుగుతున్నడు, ఆడ ఏం మారలే గదా? మారితే పాతదాంతోటి అతకదు."

"ఏం మారలే నారాయణా" అన్నాను. "వాగు గట్లనే ఉన్నది. రాయి గట్లనే ఉన్నది. పంతులు గట్లనే లేడు. గాని..."

లైను కట్టయింది.

మా ఊరి లైన్లంతే. ఎక్కడ కోయాలో వాటికి కూడా తెలుసు. తిరిగి కలవలేదు. ఆ 'గాని' తర్వాతి ముక్క నా నోట్లోనే ఉండిపోయింది. అందుకే ఈ కాలమ్ రాస్తున్నాను, మీరు గానీ ఆ టీవీ వాళ్ళు గానీ ఒక దారి చూపిస్తారని.

విషయం ఇది. పోయిన వారం ఎర్రమ్మకు నొప్పులొచ్చాయి. అదే మంచం మీద పడుకోబెట్టారు. నలుగురు మోశారు, అందులో బొజ్జయ్య ఒకడు. అదే గట్టున దించారు. వాగు నిండుగా ఉంది. వాన. ఎరువుల సంచులు కలిపి కుట్టిన పట్టాను నాలుగు మూలలా పట్టుకుని నిలబడ్డారు. దాని కింద నాగక్క కోడలికి పురుడు పోసింది.

వాగు తగ్గింది. అవతలికి పోయే పని లేకపోయింది.

అంతా అక్షరాలా పోయినేటి మాదిరే. గట్టు అదే, మంచం అదే, మోసేవాళ్ళు వాళ్ళే. ఇంత గొప్ప కంటిన్యుటీలో ఒక్కటే తేడా వచ్చింది. మంచం మీద పోయింది ఒకరు, తిరిగి వచ్చింది ఇద్దరు.

ఆడపిల్ల. పోయిన షాటులో లేదు. ఒకటే ఏడుపట, గూడెమంతా వినపడేట్టు. 'నవ్వే అడవి'కి ఎట్లా అతుకుతుంది చెప్పండి?

వాగును దాచారు, వంతెనను దాచారు, బొజ్జయ్య భార్యను దాచారు. చదువుకున్నవారు, మీకు తెలిసే ఉంటుంది. ఈ పిల్లను ఎక్కడ దాచమంటారు?